ఫిజియోథెరపీ చదవాలనుకునే పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ: విజయవాడ, గుంటూరుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా క్లినిక్ బయట బల్ల మీద పేషెంట్లతో పాటు పిల్లలు కూడా కూర్చుంటారు. మోకాలి నొప్పికి వచ్చిన అమ్మమ్మ వెంట మనవరాలు, భుజం పట్టేసిన నాన్న వెంట కొడుకు. వచ్చిన పని అయ్యాక, లేవబోతూ అసలు మాట అడుగుతారు: "మేడం, మా వాడు బైపీసీ. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. ఈ ఫిజియోథెరపీ ఎలా ఉంటుందంటారు?" గుంటూరులో చదువుకుని, విజయవాడలో 16 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. బయట ఇంకో నలుగురు ఎదురుచూస్తుంటే తీరిగ్గా జవాబు చెప్పడం కుదరదు. అందుకని ఎక్కువమంది అడిగేవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫిజియోథెరపిస్టు చేసే పని ఏమిటి? మసాజూ, కరెంటు పెట్టడమూనా?

దీనికి కాస్త పెద్ద జవాబే చెప్పాలి. ఇది తెలియకుండా చేరినవాళ్లే రెండో ఏడాదికల్లా నీరుగారిపోతారు.

మన వైపు పేషెంటు లోపలికి వస్తూనే "కరెంటు పెట్టండమ్మా" అంటారు. ఐఎఫ్‌టీ, టెన్స్ అనే కరెంటు మిషన్లు, అల్ట్రాసౌండ్, మైనం కాచే వ్యాక్స్ బాత్, అన్నీ మా గదిలో ఉంటాయి. నొప్పిని కాస్త సర్ది, మనిషి కదలడానికి వీలు కల్పించడం వరకే వాటి పని. వైద్యం మొదలయ్యేది ఆ తర్వాతే.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ ఒకాయన కుడి చెయ్యి పైకి లేవడం లేదని వచ్చారు. ముందు చొక్కా విప్పమన్నాను. బాగున్న చేతిని ముందు బయటికి తీసి, నొప్పి ఉన్న చేతి మీద నుంచి చొక్కాను మెల్లగా జార్చారు. అక్కడే కొంత సంగతి తెలిసింది. చెయ్యి పక్క నుంచి పైకి ఎత్తమంటే, 60 డిగ్రీల దగ్గర ముఖం చిట్లించి, 120 దాటాక మళ్లీ తేరుకున్నారు. నేను పట్టుకుని ఎత్తితే చెయ్యి పూర్తిగా లేచింది. అంటే కీలు బిగుసుకుపోలేదు, కాబట్టి అది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే వీల్లేదు. భుజం ఎముక కింద కండర తంతువు నలుగుతోంది. గదిలో ఉన్న దిండు మూట చేతికిచ్చి "టిక్కీ ఎట్లా ఎత్తుకుంటావో చూపించు బాబాయ్" అన్నాను. మెడ ఎడమకు వంచి, కుడి భుజం చెవి దాకా ఎగదోసి, మూటను విసురుగా దాని మీద వేసుకున్నారు. 40 కిలోలు దాటే బరువును రోజంతా అలా ఎత్తుకుంటే ఏ భుజమైనా మొరాయిస్తుంది. రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలకు రబ్బరు బ్యాండుతో వ్యాయామాలు, మూట ఎత్తేటప్పుడు ఇంకో మనిషి సాయం, గంటకోసారి భుజం మార్చడం. 6 వారాలు పట్టింది. అందులో మిషను వాడింది మొదటి 4 రోజులే.

చూడటం, అడగటం, పట్టుకుని పరీక్షించడం, నేర్పించడం. మా పనంతా ఈ నాలుగింట్లోనే ఉంది. మనుషులు, జబ్బులు మారుతుంటాయి. పక్షవాతం వచ్చిన వాళ్లు, మోకాలి మార్పిడి చేయించుకున్న వాళ్లు, సెరెబ్రల్ పాల్సీ ఉన్న పసిపిల్లలు, ఐసీయూలో కఫం తీయలేక ఆయాసపడే వాళ్లు, గుండె ఆపరేషను అయిన వాళ్లు, కాన్పు తర్వాత నడుం నొప్పితో వచ్చే బాలింతలు, కబడ్డీ ఆడి మోకాలు మెలితిరిగిన కుర్రాళ్లు, అందరూ వస్తారు.

ఎంబీబీఎస్ సీటు రాలేదు కాబట్టి ఇందులో చేరొచ్చా?

చేరొచ్చు. నా బ్యాచ్‌లో సగానికి పైగా అలా వచ్చినవాళ్లమే. కానీ ఆ దిగులును నాలుగేళ్లూ మోసుకు తిరిగితే చదువు చెడుతుంది, పేషెంటూ చెడతాడు. పిల్లల్ని నేను ఒక్కటే అడుగుతాను: ఒక మనిషి రోజుకు అర అంగుళం చొప్పున బాగుపడుతుంటే, పక్కన నిలబడి చూసే ఓపిక నీకుందా? మందు రాస్తే మూడో రోజుకు జ్వరం తగ్గుతుంది. ఇక్కడ అలా ఉండదు. పక్షవాతం వచ్చిన పెద్దాయన బొటనవేలు కదలడానికి నెల పట్టొచ్చు. ఆ కదలిక చూసి నీకు కళ్లలో నీళ్లు తిరిగితే, ఈ చదువు నీదే.

అమ్మానాన్నలకు ఒక మనవి. "డాక్టరు కాలేకపోయాడు, అందుకని ఇందులో వేశాం" అని చుట్టాల ముందు అనకండి. ఆ మాట పిల్లల్లో చాలా ఏళ్లు ఉండిపోతుంది.

అర్హత ఏమిటి? సీటు ఎవరిస్తారు?

ఇంటర్ బైపీసీ పాసై ఉండాలి. ఒకేషనల్‌లో ఫిజియోథెరపీ గ్రూపు చదివినవాళ్లు జీవ, భౌతిక శాస్త్రాల బ్రిడ్జి కోర్సు పూర్తి చేస్తే వాళ్లకూ అవకాశం ఉంటుంది. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

ఫిజియోథెరపీ డిగ్రీని బీపీటీ అంటారు. రాష్ట్రంలో బీపీటీ కాలేజీలకు అనుబంధం ఇచ్చేదీ, కన్వీనర్ కోటా సీట్లు నింపేదీ మన విజయవాడలోనే ఉన్న డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1986లో మొదలైంది. 2022లో పేరు మారి, 2024లో మళ్లీ ఈ పేరే వచ్చింది. సీనియర్ల సర్టిఫికెట్ మీద వేరే పేరు కనబడితే అది వేరే యూనివర్సిటీ అనుకోకండి. నోటిఫికేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, అన్నీ ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. యాజమాన్య కోటా విడిగా ఉంటుంది. సొంత ప్రవేశాలు పెట్టుకునే ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల దారి ఇంకొకటి.

కాగితాల దగ్గర చాలామంది తడబడతారు. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు, కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. బళ్లు మారుతూ, వేరే రాష్ట్రాల హాస్టళ్లలో చదివిన పిల్లలకు చిక్కు వచ్చేది ఇక్కడే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలు వచ్చాక తీసుకుందాంలే అనుకోకండి. ఆ వారంలో సచివాలయం ముందు ఊరంతా ఉంటుంది.

నీట్ రాయాలా?

రాసి ఉంచుకోండి. ఫిజియోథెరపీ లాంటి చదువులను నియంత్రించే జాతీయ కమిషన్ వచ్చాక ప్రవేశాల పద్ధతి మారుతూ వస్తోంది. మీరు చేరే ఏడాది యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్‌లో ఏముంటే అదే ఖరారు. కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద, పక్కింటి అబ్బాయి నిరుడు చెప్పిన మాట మీద ఆధారపడి డబ్బు కట్టకండి.

ఎన్నేళ్ల చదువు? ఏమేం ఉంటాయి?

మా రోజుల్లో 4 ఏళ్ల చదువు, తర్వాత 6 నెలల ఇంటర్న్‌షిప్. 2025లో విడుదలైన కొత్త జాతీయ పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచి, మొత్తం 5 ఏళ్లు చేశారు. ఏడాది పెరిగిందని బాధపడే తల్లిదండ్రులను చూశాను. నా మటుకు నాకు ఇది మంచి మార్పు. ఆరు నెలల్లో ఆర్థో, న్యూరో, ఐసీయూ అన్నీ తిరిగేసరికి ఒక్కచోటా చెయ్యి కుదిరేది కాదు.

మొదట అనాటమీ, ఫిజియాలజీ. తర్వాత కీళ్లూ కండరాలూ కదిలే తీరు చెప్పే బయోమెకానిక్స్, ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ, వాటితో పాటు పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. పై ఏడాదుల్లో ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులూ, వాటికి ఫిజియోథెరపీ. ఎక్కువమంది తప్పేది మొదటి ఏడాది అనాటమీలోనే. అది బట్టీ పడితే రాదు. మోచేతి లోపలివైపు ఎముక వెనకాల గాడిలో వేలితో మెల్లగా నొక్కి చూసుకోండి. చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది. అల్నార్ నరం వెళ్లే దారి అదే. ఇలా ఒంటి మీద వెతుక్కున్నది పరీక్ష హాల్లోనూ గుర్తుంటుంది, పేషెంటు దగ్గరా గుర్తుంటుంది.

తెలుగు మీడియంలో చదివాను. నెగ్గుకురాగలనా?

మొదటి ఆరు నెలలు కష్టం. పుస్తకాలన్నీ ఇంగ్లీషే, పేర్లేమో లాటిన్. రోజుకు పది పదాలు, వాటి పక్కన బొమ్మ, ఒంటి మీద ఆ చోటు. ఇలా పట్టుదలగా చేస్తే దసరా సెలవులు దాటాక దారిలో పడతారు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు లేని బలం మీకొకటి ఉంది. ఆసుపత్రిలో నొప్పిని తెలుగులోనే చెప్పుకుంటారు. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి: సలుపు, పోటు, మంట, గుంజడం, తిమ్మిరి, మొద్దుబారడం, చురుక్కుమనడం, పట్టేయడం. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదానికి బదులు రాదు. "తిమ్మిరి" అన్న మనిషిదీ "సలుపు" అన్న మనిషిదీ ఒకే జబ్బు కాకపోవచ్చు. మొదటిదానికి నరం వైపు వెతకాలి, రెండోదానికి కీలు వైపు.

"చెప్పు జారిపోయినా తెలియట్లేదమ్మా" అని షుగరున్న పెద్దావిడ అంటే, పాదంలో స్పర్శ పోతోందని అర్థం. "నడుం దగ్గర మొదలై పిక్క దాకా గుంజుతోంది" అంటే వెన్నులో నరం మూలం మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. "పొద్దున్నే మడమ నేలకు ఆనించలేను, పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది" అన్నవాళ్లకు అరికాలి పట్టీ వాపు. "కొంచెం దూరం నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయిగా ఉంటుంది" అన్న పెద్దాయనకు వెన్నుపాము దారి ఇరుకైందేమో చూడాలి. "నిద్ర లేచాక గంట దాకా వేళ్లు ముడుచుకోవట్లేదు" అంటే అది కీళ్లవాతం కావచ్చు, వెంటనే రుమటాలజిస్టు దగ్గరికి పంపాలి. ఇక "గుజ్జు అరిగిపోయింది" అనేది మన ఊళ్లలో ప్రతి మోకాలికీ అతికించే మాట. ఆ మాట దగ్గర ఆగకుండా, ఏ పని చేసేటప్పుడు నొప్పి, ఎన్ని మెట్లెక్కాక, కింద కూర్చుని లేచేటప్పుడా, అని అడగాలి.

ఇప్పటి నుంచే మీ ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య నొప్పి గురించి ఏ మాటలు వాడతారో నోట్‌బుక్‌లో రాసుకోండి. గుంటూరు పాతబస్తీ, విజయవాడ వన్‌టౌన్ వైపు పనిచేయాలనుకుంటే ఉర్దూలో నాలుగు మాటలు నేర్చుకోవడం కూడా అక్కరకొస్తుంది.

కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

భవనం చూడకండి. సొంత ఆసుపత్రి ఉందా, లేక పోస్టింగుల కోసం ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, అక్కడ రోజూ పేషెంట్లు వస్తున్నారా అని అడగండి. ఫిజియోథెరపీ ఓపీకి మీరే వెళ్లి అరగంట కూర్చోండి. మిషన్ల మీద దుమ్ముంటే సంగతి మీకే అర్థమవుతుంది. అనాటమీకి మృతదేహం మీద నేర్పుతారా, బొమ్మలతో సరిపెడతారా? మూడో ఏడాది చదివే పిల్లల్ని పక్కకు పిలిచి "నిన్న ఎంతమంది పేషెంట్లను ముట్టుకున్నారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు బ్రోషరు మొత్తం కంటే విలువైనది.

ఆరు నెలల సర్టిఫికెట్ ఇచ్చి "మీరు ఫిజియోథెరపిస్టు అయిపోయినట్టే" అని చెప్పే చోట్లకు మాత్రం వెళ్లకండి.

చేరేముందు, సెలవుల్లో ఏం చేస్తే మంచిది?

కళ్లకు పని చెప్పండి. విజయవాడ బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో ఒక గంట కూర్చుని, మనుషులు నడిచే తీరు చూడండి. ఒకరు అడుగు వేసినప్పుడల్లా ఒళ్లు ఒక పక్కకు వాలుతుంది, ఆ పక్క తుంటి దగ్గర కండరం బలహీనమై ఉండొచ్చు. ఒకరి పాదం ముందు భాగం నేలకు రాసుకుంటూ వెళ్తుంది, అందుకే మోకాలు ఎక్కువ ఎత్తుతారు. ఒకరి చెయ్యి ఒకటి ఊగుతుంది, ఇంకోటి ఊగదు. జబ్బు పేర్లు ఇప్పుడే తెలియక్కర్లేదు. తేడా కనబడటం మొదలైతే చాలు.

బస్సు మెట్టు ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు ఏ కాలు ముందు పెడతారో, ఏ చెయ్యి కమ్మీ పట్టుకుంటుందో గమనించండి. మోకాలి మార్పిడి తర్వాత మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు ఎక్స్‌రే గురించి బెంగ ఉండదు. "బస్సెక్కగలనా? పీట మీద కూర్చోగలనా?" ఇదే అడుగుతారు. కుర్చీలోంచి హాయిగా లేవాలంటే మోకాలు 90 డిగ్రీలు దాటి వంగాలి, బాసింపట్టు వేయాలంటే ఇంకా చాలా కావాలి. గోనియోమీటరుతో ఆ డిగ్రీలు కొలవడం కాలేజీలో నేర్పుతారు. ఆ డిగ్రీల వెనక ఒక పీటా, ఒక బస్సు మెట్టూ ఉన్నాయని మీరు ముందే చూసి ఉండాలి.

రెండోది ఒళ్లు. 80 కిలోల మనిషిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టాలి, రోజుకు పదిసార్లు. మన నడుం బాగుండకపోతే ఇతరుల నడుం ఏం చూస్తాం? నడక, గుంజీళ్లు, నడుం కండరాలకు పని, ఇవి అలవాటు చేసుకోండి. వస్తువును ఒంటికి దగ్గరగా పెట్టుకుని మోకాళ్లు వంచి ఎత్తడం ఇంట్లో బిందెతోనే సాధన చేయొచ్చు.

గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

మా అమ్మాయి మగ పేషెంట్లను ముట్టుకోవాల్సి వస్తుంది కదా?

వస్తుంది. మా అమ్మ కూడా ఇదే అడిగింది, మా ఊళ్లో వారం రోజులు ఇదే చర్చ. చేతిలో పని ఉన్నప్పుడు అది స్పర్శలా ఉండదు, పరీక్షలా ఉంటుంది. ఏం చేయబోతున్నామో ముందు చెప్పాలి, "ముట్టుకోవచ్చా అండీ" అని అడగాలి, అవసరమైన మేరకే దుస్తులు తొలగించాలి, మిగతా ఒంటిని దుప్పటితో కప్పాలి. అబ్బాయిలకూ ఇదే నియమం. ఆడ పేషెంటు ఉంటే ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలి. ఎవరైనా హద్దు మీరి మాట్లాడితే వైద్యం ఆపి బయటికి రావచ్చు, సీనియరుకు చెప్పాలి. ఓర్చుకోవడం ఈ వృత్తిలో భాగం కాదని మా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌లకు మొదటి రోజే చెబుతాను.

ఆడ ఫిజియోథెరపిస్టు కావాలని అడిగే బాలింతలు, మామ్మగార్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు మీ అమ్మాయి అవసరం.

ఈ పనిలో ప్రమాదం ఏముంటుంది? మందులు ఇవ్వరు, కోతలు ఉండవు కదా?

ఇంటర్న్‌షిప్‌లో నా వల్ల జరిగిన తప్పు చెబుతాను. 60 దాటిన ఒకావిడకు మోకాలి మీద హాట్ ప్యాక్ పెట్టాను. బయట పది మంది ఎదురుచూస్తున్నారు. వేడి, చల్లన తేడా తెలుస్తోందో లేదో రెండు గాజు గొట్టాలతో ముందు చూడాలి, చూడలేదు. తువ్వాలు ఒక మడత తక్కువ వేశాను. "వేడిగా ఉంటే చెప్పు పెద్దమ్మా" అని పక్క మంచానికి వెళ్లిపోయాను. ఆవిడ చెప్పలేదు, షుగరు వల్ల ఆవిడకు తెలియలేదు. పది నిమిషాలకు తీసి చూస్తే రూపాయి బిళ్లంత బొబ్బ. "ఏం కాదులే అమ్మాయ్, చిన్నదేగా" అని ఆవిడే నన్ను ఓదార్చింది. ఆ పుండు మానడానికి నెల పట్టింది. ప్రతి రెండు రోజులకూ వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఈ రోజుకీ గొట్టాల పరీక్ష చేయకుండా ఎవరికీ వేడి పెట్టను.

చేయి వేయకూడని చోటు తెలియడం కూడా చదువులో పెద్ద భాగం. ఆపరేషను తర్వాత పిక్క ఒకవైపే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మసాజు చేయకూడదు. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, అది కదిలితే ప్రాణం మీదికి వస్తుంది. నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి, రేపు చూద్దాం అనకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు మిషన్లు పెట్టకూడదు. పక్షవాతం వచ్చిన మనిషిని పడిపోయిన చేయి పట్టి లాగి లేపకూడదు, భుజం కీలు జారిపోతుంది. ఈ చివరిది మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా మొదటి రోజే నేర్పాలి. ఎందుకంటే ప్రేమకొద్దీ లాగేది వాళ్లే.

బీపీటీ అయ్యాక వెంటనే ఎంపీటీ చేయాలా?

ఎంపీటీ అంటే ఫిజియోథెరపీలో పీజీ, రెండేళ్లు. ఆర్థో, న్యూరో, కార్డియో, స్పోర్ట్స్, పిల్లల విభాగం లాంటివి ఉంటాయి. కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే తప్పనిసరి. ఏ విభాగమో తేలక చేరడం కంటే, ఒకటి రెండేళ్లు పనిచేసి చేరడం మేలని నా అభిప్రాయం. చాలామంది స్పోర్ట్స్ అంటారు, మన విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. సంతోషమే. కానీ ఆటగాళ్లకు పనిచేయాలంటే తెల్లవారుజామున మైదానంలో ఉండాలి, ఆ ఆటను నియమాలతో సహా తెలుసుకోవాలి. న్యూరోకు, పిల్లల విభాగానికి మన జిల్లాల్లో మనుషుల కొరత నాకు రోజూ కనబడుతుంది.

ఉద్యోగాలు ఎక్కడుంటాయి? జీతం బతకడానికి సరిపోతుందా?

మొదట్లో తక్కువే. నా మొదటి జీతంలో గది అద్దె, మెస్ బిల్లు పోగా ఊరికి వెళ్లొచ్చే బస్సు చార్జీలు మిగిలేవి. ఈ మాట దాచి పిల్లల్ని చేర్పించడం అన్యాయం. మూడు నాలుగేళ్లు చెయ్యి కుదిరాక పరిస్థితి మారుతుంది.

కార్పొరేట్ ఆసుపత్రులు, ఆర్థో డాక్టర్ల క్లినిక్‌లు ముందుగా తీసుకుంటాయి. ప్రభుత్వంలో జనరల్ ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు ఉన్నాయి, పోస్టులు కొద్దిగానే పడతాయి. పుట్టుకతో లోపాలున్న పిల్లల కోసం జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న బడిపిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఎక్కువగా ఒప్పంద పద్ధతి. రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్‌లో ఫిజియోథెరపిస్టు పోస్టులు వస్తుంటాయి. మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్ల వచ్చే ప్రకటనలు కూడా గమనిస్తూ ఉండండి.

మన ప్రాంతంలో ఎక్కువమందిని నిలబెడుతున్నది మాత్రం ఇళ్లకు వెళ్లి చేసే వైద్యం. పటమటలో, లబ్బీపేటలో, గుంటూరు బ్రాడీపేటలో ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లిద్దరే ఉంటారు, పిల్లలు అమెరికాలో. ఉదయం 6 గంటలకు స్కూటీ మీద బయల్దేరి, 9 లోపు ముగ్గురిని చూసి, తర్వాత క్లినిక్‌కి వచ్చే పిల్లలు నా దగ్గరే ఇద్దరున్నారు. మంచం పక్కన వాకరు పట్టుకుని తాతగారు మొదటిసారి లేచి నిలబడుతుంటే, అక్కడ రాత్రి భోజనం చేస్తూ కొడుకు వీడియో కాల్లో చూస్తుంటాడు. ఆ కొడుక్కి తండ్రి పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పడం, లేని ఆశ పెట్టకుండా, ఉన్న ఆశ తుంచకుండా చెప్పడం, ఇది ఏ పుస్తకంలోనూ లేని పాఠం.

సొంత క్లినిక్‌కు తొందరపడకండి. అప్పు చేసి మిషన్లు కొంటే, అప్పు తీర్చడానికి అందరికీ మిషనే పెట్టాల్సి వస్తుంది.

పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోవచ్చా?

2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాసుకోవద్దని ఒక లేఖ ఇచ్చి, మరునాడే వెనక్కి తీసుకుంది. వాదన నడుస్తూనే ఉంది. పేరు చివర 'పీటీ' (ఫిజియోథెరపిస్టు) అని స్పష్టంగా ఉండాలన్నది నా మాట. మనమెవరమో పేషెంటుకు తెలియాలి. 2021లో వచ్చిన జాతీయ చట్టం ఫిజియోథెరపీని దేశమంతటా ఒకే నియంత్రణ కిందికి తెచ్చింది. చదువు అయ్యాక రిజిస్ట్రేషన్ చేయించుకోవడం ముఖ్యం, బోర్డు ఆ తర్వాత రాయించుకోవచ్చు.

విదేశాలకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఒక్కో దేశానిది ఒక్కో దారి. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. గల్ఫ్‌కు డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల పరిశీలన, లైసెన్సు పరీక్ష. అమెరికాలో ఇప్పుడు ఈ వృత్తికి డీపీటీ అనే డాక్టరేట్ స్థాయి చదువు ఉంది. మన డిగ్రీని వాళ్ల చదువుతో పోల్చి లెక్కగట్టించుకుని, ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. మొదటి ఏడాది నుంచి ప్రతి సబ్జెక్టు సిలబసూ, క్లినికల్ గంటల లెక్కా దాచుకోండి. ఆరేళ్ల తర్వాత అవే అడుగుతారు.

కట్టు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి వచ్చిన పేషెంట్లను ఎలా చూడాలి?

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లుండరు. మన పల్లెల నుంచి కూడా ఎముక విరిగితే కట్టుకు వెళ్తారు. తిట్టకండి. తిడితే తర్వాతిసారి దాచిపెడతారు, అది ఇంకా నష్టం. ఎక్స్‌రే తీయించండి, ఎముక అతికిన తీరు ఆర్థో డాక్టరుకు చూపించండి, బిగుసుకున్న కీలు సంగతి ఆ తర్వాత మనం చూద్దాం.

చేరేముందు ఒక రోజు ఈ పని దగ్గరుండి చూడాలంటే?

తప్పకుండా చూడండి. మీ ఊళ్లో ఉన్న ఫిజియోథెరపిస్టును అడగండి, చాలామంది కాదనరు. సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం, ఆ రోజుల్లో కాలేజీలు పెట్టే ఉచిత శిబిరాలకు వెళ్తే ఒకేచోట పాతికమంది పేషెంట్లను చూడొచ్చు. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఉదయం 10 గంటలకు రండి. ఫోను సంచిలో పెట్టేయండి, పేషెంటు ఒప్పుకుంటేనే లోపల ఉండండి, మూలగా నిలబడి చూడండి. మధ్యాహ్నం 12కి పక్షవాతం వచ్చిన ఒక రైతు వస్తారు, ఎడమ చెయ్యి ఇప్పుడిప్పుడే కదులుతోంది. గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటీ ఏరి పక్క గిన్నెలో వేయిస్తాం. ఇరవై శనగలకు అరగంట పడుతుంది. ఆ అరగంట కదలకుండా కూర్చుని చూడండి. ఆ తర్వాత మీకు వచ్చే సందేహాలకు జవాబు చెప్పడానికి నేను సిద్ధం.